ఎనాక్ కట్టిన గోడలు

హాలోబ్రుక్‌లో ఇప్పుడు అందరూ నమ్ముతున్న మాట ఒకటే. ఎనాక్ టన్నిక్లిఫ్ తన బట్టీలో చక్కగా కాలిన ఇటుకలన్నీ పై ఊళ్ళకు అమ్ముకొని, ఎవరూ కొనని కాలీకాలని సరుకుతో తన ఇల్లు కట్టుకున్నాడు. పైకి కనిపించే వరుస ఒక్కటే మేలిరకం; దాని వెనక అంతా తుక్కు. అందుకే రెడ్‌బ్యాంక్ అనే ఆ ఇంటి ముందుభాగం మొన్న గురువారం పట్టపగలు, గాలీ వానా లేకుండానే, వీధిలోకి కూలింది.

వదంతికి ఒక సౌకర్యం ఉంది. మోసేవాళ్ళెవరూ దాని బరువు తూచి చూడరు. ఇది రొట్టెల దుకాణంలో పుట్టి, సాయంత్రానికి బస్సుల స్టాండు చేరి, ఆదివారం నాటికి ప్రార్థనామందిరంలో ముందు బెంచీ మీద కూర్చుంది. సోమవారం పొద్దున ఎనాక్ మనవరాలు కెజియా ఇంట్లోకి కూడా వచ్చింది.

"ఒరే ఆంబ్రోస్, అట్టు చల్లారిపోతోంది. లోపల చీజ్ గడ్డకట్టిందంటే ఇంక నువ్వు తినేది కాదు, గోడకు పెట్టేదే."

ముందుగదిలోంచి జవాబు రాలేదు.

ఆ వీధిలో అన్ని ఇళ్ళలాగే కెజియా ఇంట్లో కూడా ముందుగది మనుషులు కూర్చోవడానికి కాదు. పాస్టరుగారు వచ్చినప్పుడూ, ఇంట్లో ఎవరైనా పోయినప్పుడూ మాత్రమే దాని తలుపు తీస్తారు. తానుంటున్న రెడ్‌బ్యాంక్ కూలిన గురువారం నుంచి ఆమె తమ్ముడు ఆంబ్రోస్ అందులోనే కూర్చున్నాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, పైకోటు విప్పకుండా, రైలు కోసం ఎదురుచూస్తున్నవాడిలా.

ఆంబ్రోస్ కూతురు హెస్టర్ రెండు గదుల మధ్య గుమ్మంలో టీ కప్పు పట్టుకొని నిలబడి ఉంది. స్టాఫర్డ్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెబుతుంది. కబురందగానే సెలవు పెట్టి వచ్చింది. వచ్చిన నాటి నుంచి తండ్రి నోట ఆమె విన్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

"నాన్నా, కనీసం టీ అయినా తాగు."

"అక్కా" అన్నాడు ఆంబ్రోస్, కూతురి వైపు చూడకుండా. "తాతయ్య దొంగంటావా?"

"నేననడమెందుకురా, ఊరంతా నోరారా అంటుంటే?" వంటింట్లోంచే అన్నది కెజియా. "నిన్న మందిరంలో మిసెస్ బ్లూర్ నాకు పాటల పుస్తకం అందించడానికి హార్మోనియం దాకా రాలేదు. దూరం నుంచి నా వెనక గోడకేసి, అదీ తాతయ్య ఇటుకేగా, ఒకటే చూపు. కూలితే ముందు నా మీదే కూలాలని కాబోలు."

"దొంగే అనుకుంటున్నాను" అన్నాడు ఆంబ్రోస్.

కెజియా చేతిలో పెనం చప్పుడు ఆగిపోయింది.

అప్పుడే వీధి తలుపు తట్టారు. మందిరం ట్రస్టీల పెద్ద హీత్‌కోట్. ఇనుప సామాను దుకాణం ఆయనది. టోపీ చేతిలో పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున్నే ఇబ్బంది పెడుతున్నాను, మిస్ టన్నిక్లిఫ్."

"పెట్టకూడదనుకుంటే వీధి చివరే ఆగేవాడివి. రా. కాళ్ళు తుడుచుకో."

ఆయన కాళ్ళు తుడుచుకున్నాడు. అవసరానికి మించి చాలాసేపు తుడుచుకున్నాడు.

"రేపు సాయంత్రం ట్రస్టీలందరం కూర్చుంటున్నాం. మందిరం సంగతి తేల్చాలి కదండీ. అదీ ఎనాక్ గారు ఇచ్చిన ఇటుకే, ఇల్లూ అదీ ఒకే ఏడాది లేచాయి. ఆదివారం బడి పిల్లలు నలభై మంది లోపల కూర్చుంటారు. ఏమైనా అయితే..."

"తేల్చడమంటే?"

"దించెయ్యడం" అన్నాడు హీత్‌కోట్, మేకు మీది పటాన్ని దించినంత సులువుగా. ఆ వెంటనే తొందరపడి, "హార్మోనియానికేం భయం లేదు, బడి హాల్లో పెట్టిస్తాం" అని కలిపాడు.

"దాని పక్కన నన్ను కూడా పెట్టించు. గుడ్డ కప్పి."

ఆయన నవ్వాలో వద్దో తెలియక టోపీ అంచు తడుముకున్నాడు. పంతొమ్మిదో ఏట ఆ హార్మోనియం ముందు కూర్చున్న మనిషి కెజియా. ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళకూ చావులకూ సగానికి పైగా ఆమే వాయించింది. ఒక్క పెళ్ళికి మాత్రం, అంటే తన పెళ్ళికి, వాయించే అవసరం రాలేదు.

"రేపు నేను వస్తాను, హీత్‌కోట్."

ముగ్గురూ తిరిగి చూశారు. ఆంబ్రోస్ లేచి నిలబడి ఉన్నాడు.

"మీకెందుకండీ శ్రమ..."

"నేను ఆ ఇంట్లో పుట్టాను. మా తాత సంగతి బయటివాళ్ళు చెబితే నింద. నేను చెబితే సాక్ష్యం. మందిరం దించెయ్యండని నేనే చెబుతాను. పిల్లల మీద పడేదాకా ఆగొద్దు."

వచ్చిన పని ఇంత తేలిగ్గా అయిపోతుందని హీత్‌కోట్ అనుకోలేదు. అయిపోయాక అది సంతోషం కలిగించలేదు కూడా. టోపీ పెట్టుకొని వెళ్ళిపోయాడు.

"ఏం చూసి చెబుతావు నాన్నా?" అన్నది హెస్టర్. బడిలో పాఠం చెప్పే గొంతు వచ్చేసింది. అది ఆమెకే వినిపించింది.

"ఏం చూసి ఏమిటే? ముప్పై ఏళ్ళు చూశాను. బట్టీ మూతపడ్డ ఏడు ఆ గోడలు బాగుచెయ్యడం మొదలుపెట్టాను. పెంతెకొస్తు సెలవులొస్తే చాలు, నిచ్చెన వేసుకొని ఏడాదికొక గోడ. ఇటుకల మధ్య దర్జుల్లో పాత సున్నం ఎంత మెత్తగా ఉండేదో తెలుసా? గోటితో గీకితే రాలేది. అదంతా తీసి పారేసి సిమెంటు కూరాను. రాయిలాంటి సిమెంటు. అయినా ఇటుకల మొహాలు పొట్టు రాలినట్టు రాలుతూనే ఉండేవి. ఒకచోట నేను పూస్తే మరోచోట రాలేది. ఇంకా పూశాను. పచ్చి ఇటుక కాకపోతే అట్లా ఎందుకు రాలుతుంది చెప్పు?"

హెస్టర్ చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టింది.

"నేను పట్టుకోబట్టి ఇన్నాళ్ళు నిలబడింది. లేకపోతే మీ అమ్మ ఉండగానే, ఆమె మీదే పడేది." ఆయన కోటు గుండీ తడుముకున్నాడు. "తాతయ్య చేసింది చేశాడు. నేను ఆపాను. నాకు మిగిలింది అదొక్కటే, తల్లీ."

కెజియా అట్టు పళ్ళెం తీసుకెళ్ళి పొయ్యి పక్కన పెట్టింది. మళ్ళీ వేడి చేస్తానని గానీ చేయనని గానీ అనలేదు.

*

కొండ వాలు మీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కు పడిన మంచు మార్చి దాకా నేలను వదలలేదు. కాలువ గడ్డకట్టింది; గుమ్మాల ముందు పెట్టిన పాలసీసాలు పగిలాయి. ఎండ వచ్చి నీళ్ళు కదలడం మొదలైన మొదటి వారంలోనే ఇల్లు కూలింది.

హెస్టర్ రెడ్‌బ్యాంక్ ఇనుప గేటు దాటి ఆగిపోయింది. తల్లి పడకగది వీధికి తెరుచుకొని ఉంది. పసుపుపచ్చ పూల కాగితం అంటించిన గోడ, దాని మీద అద్దం ఉండిన చోట కాస్త ముదురుగా మిగిలిన చదరం. లెటీస్ టన్నిక్లిఫ్ ఆరేళ్ళ కింద కన్ను మూసిన ఆ గదిని ఇప్పుడు పాలవాడు కూడా చూడవచ్చు.

ఎనాక్ ఆ ఇంటిని ఉండడానికి ఎంత కట్టాడో, తన సరుకు చూపించి అమ్ముకోవడానికీ అంత కట్టాడు. చిన్నప్పుడు మట్టి తొక్కి పెద్దయ్యాక బట్టీకి యజమాని అయిన మనిషి. బర్మింగ్‌హాం నుంచీ మాంచెస్టర్ నుంచీ రైల్లో వచ్చిన బేరగాళ్ళ చేతికి టీ కప్పు ఇచ్చి ఇంటి చుట్టూ ఒక చుట్టు తిప్పేవాడు. ముందుగోడ ఎర్రది, మధ్యమధ్య మీగడరంగు పట్టీలు, వాటి నడుమ నల్లనీలం ఇటుకలతో అల్లిన వజ్రాల వరుస. తూర్పు గోడలో కిటికీల అంచులకు గుండ్రటి ముక్కుల ఇటుక. పడమటి గోడలో కాల్చిన మట్టితో అచ్చుపోసిన పొద్దుతిరుగుడు పూలు. పైన తాడు పేనినట్టు మెలితిరిగిన పొగగొట్టాలు నాలుగు. ఏది కావాలో వేలు పెట్టి చూపిస్తే చాలు. అదే సరుకు వారం తిరక్కుండా బండెక్కేది. ముందువైపు కింద రెండు పెద్ద కిటికీలు గోడ దాటి బయటికి పొడుచుకొని వచ్చేవి. వాటి పైన అడ్డంగా వేసిన ఓక్ దూలాల మీదనే మేడ గోడ బరువంతా నిలిచేది.

ఇప్పుడు దూలాలు కిందున్నాయి. వజ్రాల వరుస ముక్కలయింది.

"అక్కడే ఆగండి టీచరమ్మా, పైన గొట్టం ఒకటి ఊగుతోంది!" మునిసిపాలిటీ పెట్టిన కూల్చివేత మేస్త్రి స్ప్రాగ్ కేకవేశాడు. దగ్గరికి వచ్చి, వంగి, ఒక ఇటుక ముక్కను బూటుతో నొక్కాడు. అది ఎర్రటి పొడి అయింది. "చూశారా? ఇంత పెద్దాయన, ఇదీ పని. మా పిల్లలు ఇసుకతో కట్టేది ఇంతకంటే గట్టిగా ఉంటుంది. ఏమనుకోకండి."

"అనుకోను. ఒక బాల్చీ నీళ్ళు ఇస్తారా?"

"కడుక్కోవడానికా?"

"ఇటుకకు."

అతను ఆమె మొహంకేసి చూసి, బాల్చీ తెచ్చి పెట్టి, తన టీ దగ్గరికి వెళ్ళిపోయాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు రకరకాలుగా ప్రవర్తిస్తారని అతనికి తెలుసు.

హెస్టర్‌కు తాత ముత్తాతల మీద పెద్ద మమకారం లేదు. అయితే తనకు ఇష్టమైన జవాబును మిగతావాటికంటే ఎక్కువ శంకించాలని ఏటా పిల్లలకు చెప్పే మనిషి ఆమె. అందుకని కళ్ళకు మంచివిగా కనిపించిన ఇటుకలను ఏరుకోలేదు. గోడ మందంలో లోపలివైపు ఉండి, వానా మంచూ ఎరగని ఇటుకల కుప్ప దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకొని చేతికి తగిలినవి తీసింది. ఒకదానితో ఒకటి కొట్టింది.

మోగాయి. పల్చగా, పొడుగ్గా, గంట మోగినట్టు మోగాయి; బాగా కాలిన ఇటుకే అట్లా మోగుతుంది.

ఇంకొన్ని తీసింది. అవీ మోగాయి. ఒకటి మాత్రం బొంగురుగా పలికింది; అంచున పగులుంది. చాకుతో గీరితే మిగతావాటి మీద తెల్లటి గీత పడిందే తప్ప పొడి రాలలేదు. బాల్చీలో ముంచి స్ప్రాగ్ టీ తాగి వచ్చేదాకా ఉంచింది. తీశాక గట్టిగా నొక్కింది. మెత్తబడలేదు.

ఎనాక్ దొంగ కాడు. ఎవరికీ కనిపించని చోట కూడా ఆయన మంచి సరుకే పెట్టాడు.

అయితే పైవరుస ఎందుకు పిండి అయింది? మేలిరకమని అందరూ ఒప్పుకునేది ఆ వరుసే కదా!

ఆమె కూలిన గోడలో పెద్ద ముక్కనొకదాన్ని తిరగేసింది. చాలాసేపు చూసింది. సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు. చదరాలు చదరాలుగా, ఖాళీ తేనెపట్టులా నిలబడి ఉన్నాయి. ఆ చదరాల్లో ఉండవలసిన ఇటుకల మొహాలు పగిలి రాలిపోయాయి. కూరినది మిగిలింది, కూరించుకున్నది పోయింది.

ఏ గోడలోకైనా నీరు దిగుతుంది. మెత్తటి సున్నం ఉన్నన్నాళ్ళు దిగిన నీరు ఆ దర్జుల్లోంచే తిరిగి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసింది. నీరు ఇటుకలో చిక్కుకుంది; చలికి గడ్డకట్టి, ఉబ్బి, ఇటుక మొహాన్ని లోపలి నుంచి తోసింది. మొహం రాలినకొద్దీ ఇంకా నీరు దిగింది. రాలినకొద్దీ ఆయన ఇంకా సిమెంటు పూశాడు. ఆ తడికి కుళ్ళిన ఓక్ దూలం చివర, గోడలో దూర్చిన భాగం, ఆమె వేలు పెట్టగానే తడి కేకులా లోపలికి పోయింది.

టన్నిక్లిఫ్‌లు ఇటుక మనుషులు. ఏ వేడికి ఏ రంగు వస్తుందో ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందే నేర్పేవారు. ఇటుకలను జత కొట్టి వినడం హెస్టర్‌కు అట్లా వచ్చిన విద్యే. కానీ ఇటుకకూ ఇటుకకూ నడుమ ఉండేదాన్ని గురించి భోజనాల బల్ల దగ్గర ఒక్కరూ ఒక్కనాడూ మాట్లాడలేదు. అది వేరేవాళ్ళ పని. గోడంటే ఇటుక. మధ్యలోది గట్టిగా ఉంటే చాలు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. ఆ మాట తప్పని చెప్పగలిగిన మనిషి ఎవరూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు.

తనూ కూర్చుంది. తనకూ తట్టలేదు.

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. దాన్ని తీర్చుకోవడానికి ఇంటి వెనక్కి వెళ్ళింది. తిరిగి వచ్చి ఆమె బాల్చీని బోర్లించి దాని మీద కూర్చుంటే, టీ ఏమైనా తాగుతారా అని స్ప్రాగ్ అడిగాడు.

*

"చెప్పు. నీ మొహమే చెబుతోంది. దొంగా, కాదా?"

కెజియా గిన్నెలు కడుగుతోంది. హెస్టర్ వంటింటి తలుపు మూసింది.

"కాదత్తా. లోపలి ఇటుకంతా మంచిదే. గట్టిగా కాలింది."

ముసలామె తడిచేతులు గౌనుకు తుడుచుకొని ముక్కాలిపీట మీద కూలబడింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నాకు తెలుసు" అన్నది చివరికి. "తెలుసని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన నన్ను బండిమీద కూర్చోబెట్టుకొని బట్టీ చుట్టూ తిప్పేవాడు. వేళ్ళు కాలి మొద్దుబారిపోయి ఉండేవి, వేడి తెలిసేది కాదు." ఆగింది. "మరెందుకు కూలిందే?"

హెస్టర్ చెప్పింది. వీలైనంత మెల్లగా, బడి మాటలు రానివ్వకుండా చెప్పింది. తడిసిన బట్టల మీద రెయిన్‌కోటు తొడిగినట్టని చెప్పింది. లోపలి తడి ఆరడానికి దారి లేక ఒళ్ళు పాడవుతుందని చెప్పింది.

కెజియా తల ఎత్తకుండా విన్నది. అటుపక్క ముందుగదిలో ఆంబ్రోస్ దగ్గు వినిపించింది. దగ్గు ఆగింది.

"వాడికి చెప్పకు" అన్నది కెజియా.

"అత్తా! రేపు సాయంత్రం..."

"తెలుసు."

"మందిరానికి ఎవరూ సిమెంటు పూయలేదు. అది ఇంకా వందేళ్ళు ఉంటుంది. నాన్న రేపు లేచి నిలబడి మీ తాతయ్య దొంగని చెబితే వాళ్ళు దాన్ని కూల్చేస్తారు."

"కూల్చనీ."

"నీ హార్మోనియం?"

"బడి హాల్లో పెడతానన్నాడుగా ఆ మేకులవాడు. అక్కడే వాయిస్తా. చలికి రెండు మేజోళ్ళు వేసుకుంటా." గొంతు తగ్గించింది. "తాత పోయి అరవై ఏళ్ళు దాటింది హెస్టర్. దొంగ అన్నా ఆయనకిప్పుడు నొప్పి లేదు. వీడు బతికున్నాడు. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు మట్టికి వచ్చి వారానికి వెళ్ళిపోయావు. తప్పనడం లేదు, ఉద్యోగం. తరవాత వాడెట్లా బతికాడో నేను చూశాను. నిచ్చెన మీద బతికాడు. సిమెంటు తాపీతో కూరుతూ ఆమెతో మాట్లాడేవాడు. 'లెటీస్, ఈ పక్క అయిపోయింది. లెటీస్, ఈసారి నీ కిటికీ.' నేను కింద నిచ్చెన పట్టుకొని విన్నాను."

"నువ్వు పట్టుకున్నావా?"

"మరెవరు పట్టుకుంటారు?"

హెస్టర్ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. తీగ మీద తండ్రి చొక్కా ఒకటి చలికి బిగుసుకుపోయి అట్టలా వేలాడుతోంది.

"రోజూ నాన్నను మాటలతో పొడుస్తున్నది నువ్వే కదా అత్తా. అట్టు గోడకు పెట్టాలన్నావు."

"తిడితే తింటాడని. చిన్నప్పటి నుంచి వాడంతే. జాలిపడితే అసలే తినడు."

"అబద్ధం మీద ఒక కట్టడం కూలిపోతుంటే నేను నోరు మూసుకొని కూర్చోవాలా?"

"నువ్వు పాఠం చెప్పే గదిలో నిజమే గొప్పదమ్మా. ఇది వంటిల్లు." కెజియా లేచి మళ్ళీ గిన్నెలు అందుకుంది. "నువ్వు ఆ హీత్‌కోట్‌కి చెబితే రాత్రికి ఊరంతా తెలుస్తుంది. రేపటి నుంచి ఎనాక్ దొంగ అనడం మానేస్తారు, నిజమే. ఆంబ్రోస్ మూర్ఖుడంటారు. సొంత చేతులతో ఇల్లు చంపుకున్నాడంటారు. అది వాడి చెవిలో ఎవరు వేస్తారు? రొట్టెల దుకాణంలోనా?"

ప్రశ్న సరిగా వేస్తే జవాబు దానంతట అదే వస్తుందని హెస్టర్ నమ్మకం. ఈ ప్రశ్న సరిగానే ఉంది.

ఆ పూట ముగ్గురూ బేకనూ రొట్టే తిన్నారు. ఎవరూ ఇల్లన్న మాట ఎత్తలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం ఆంబ్రోస్ గడ్డం గీసుకొని, ఆదివారం కాలరు పెట్టుకొని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నా బూట్లు ఎక్కడున్నాయక్కా?"

"మీటింగు సాయంత్రం కదరా. ఇప్పుడెక్కడికి?"

"ఇంటికి." ఆ మాట నోటికి అలవాటుగా వచ్చేసింది. సర్దుకున్నాడు. "కొండ మీదికి. ఒక ఇటుక తెచ్చుకోవాలి. పచ్చిది, లోపలిది. ఉత్త మాట చెబితే ఏం బాగుంటుంది? వాళ్ళ ముందు బల్ల మీద పెట్టి చూపిస్తాను."

కెజియా కళ్ళు హెస్టర్ కళ్ళను వెతుక్కున్నాయి.

"ఎందుకురా ఈ చలిలో, ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం. హెస్టర్ తెస్తుందిలే."

"సాక్ష్యం నాది. ఇటుక నేనే తెచ్చుకుంటాను."

"మొండివెధవ" అన్నది కెజియా. బూట్లు తెచ్చింది. వంగి, తమ్ముడి కాళ్ళకు తానే తొడిగి, తాళ్ళు బిగించి ముడివేసింది. ఆయన అడ్డు చెప్పలేదు. లేచేటప్పుడు ఆమె మేనకోడలి చెయ్యి గట్టిగా పట్టుకొని వదిలింది. అంతకుమించి చెప్పడానికి వీలు లేకపోయింది.

కొండ ఎక్కుతూ ఆయన మూడుచోట్ల ఆగాడు. ఆగినప్పుడల్లా బడి రోజుల సంగతులు ఏవో చెప్పాడు. గేటు దాటాక పసుపుపచ్చ పూల గోడవైపు తల తిప్పకుండా ఇటుకల కుప్ప దగ్గరికి నేరుగా నడిచాడు.

"ఇవి లోపలివేనా?"

"అవును నాన్నా."

ఆయన ఒకటి తీసి అరచేతిలో బరువు చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. అలవాటు కొద్దీ రెండోది తీసి, జత కొట్టి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. తలకు గుడ్డ చుట్టుకొని బట్టీ నోటి దగ్గర నిలబడే రోజుల్లో అట్లాగే వినేవాడు.

మళ్ళీ కొట్టాడు.

వేరేవి రెండు తీసి కొట్టాడు. తరవాత మోకాళ్ళ మీద కూర్చొని, చేతికందినవల్లా ఒకదాని తరవాత ఒకటి కొట్టుకుంటూ పోయాడు. కొండ వాలంతా ఆ గంటల చప్పుడే. స్ప్రాగ్ మనుషులు పని ఆపి చూశారు.

"హెస్టర్! వినపడుతోందటే?"

"వినపడుతోంది నాన్నా."

"పచ్చిది కాదే! తాతయ్య మంచి సరుకే పెట్టాడే! కనపడని చోట... ఎవడికీ కనపడని చోట కూడా... దొంగ కాడే ఆయన!"

ఆయన నవ్వుతున్నాడు. గురువారం తరవాత మొదటిసారి. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారుతుంటే తుడుచుకోకుండా, ఎర్రటి దుమ్ము పట్టిన చేతులు రెండూ గాలిలో పెట్టి చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. "మందిరం దించొద్దు! పద, ఇవే పట్టుకుపోదాం. హీత్‌కోట్ చెవి దగ్గర కొడతాను. మీ అత్తకు ముందు చెప్పాలి. పద!"

ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండునని హెస్టర్ అనుకుంది. ఆయన మోచెయ్యి పట్టి లేపింది. "పద నాన్నా. చలిగా ఉంది. అత్త ఎదురుచూస్తుంటుంది."

నాలుగడుగులు నడిచారు. ఆయన ఆగాడు.

"మరి ముందుగోడ ఎందుకు కూలిందే?"

ఆమె ఆయన కోటు కాలర్ పైకి లాగి మెడ చుట్టూ సర్దింది.

ఆంబ్రోస్ ఇంటివైపు తిరిగాడు. ముందుభాగం లేకపోవడంతో చూపు లోపలి గదుల్లోంచి సాగి వెనక్కి పోతోంది. వెనకవైపు బట్టలుతికే గదిని స్ప్రాగ్ మనుషులు నిన్ననే పడగొట్టారు. ఆ గదికీ ఇంటికీ నడుమ, నిచ్చెన పట్టని ఇరుకు సందులో ఇన్నేళ్ళూ దాగి ఉన్న గోడ మొదటిసారి వెలుతుర్లోకి వచ్చింది. ఆయన నెమ్మదిగా దాని దగ్గరికి నడిచాడు. హెస్టర్ వెంట నడిచింది.

ఆ గోడ నిటారుగా ఉంది. ఎర్రటి ఇటుకల అంచులు అచ్చులోంచి అప్పుడే తీసినట్టు పదునుగా ఉన్నాయి. ఒక్క మొహమూ రాలలేదు. పైన కప్పు లేని ఆ సందులో ఈ శీతకాలం మంచు దాని మీదా పడింది.

ఆయన వేలు ఒక దర్జు మీద పెట్టి గోటితో గీకాడు. తెల్లటి పొడి మెత్తగా రాలి ఎర్ర దుమ్ము మీద పడింది. గోరు కేసి చూసుకున్నాడు. మళ్ళీ గోడ కేసి చూశాడు. కింది నుంచి పైదాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, నిచ్చెన ఎక్కడ వేయాలో చూసుకునేవాడిలా చూశాడు.

"ఈ గోడ ఏ ఏడు చేశానే నేను?" అన్నాడు. "గుర్తు రావడం లేదు."

హెస్టర్ ఆయన గోటి మీది తెల్లటి పొడిని తుడిచింది.

"ఇది నువ్వు చేయలేదు నాన్నా. గది అడ్డం ఉండేది కదా. ఈ గోడకు ఎవరూ ఎప్పుడూ సిమెంటు పూయలేదు."